ఖండములనుండి అఖండమునకు

  

విద్యానిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లు బాలురచేత శబ్దములు, ధాతువులు వల్లెవేయించిన మేము నేడొక గణితవేత్త చరిత్రము నెత్తుకొనుట మీకు వింతగా తోపవచ్చును. ఆయన మన పొరుగున నున్న ఓరుగల్లున 1945లో జన్మించిన ఆచార్య జె. ఎన్. రెడ్డిగారు. వారిని ప్రస్తావించుట కులమును బట్టి కాదు. వారి విద్యనుండి మన నిధి నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు.

రెడ్డిగారు 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టభద్రులై, అమెరికాకేగి, 1974లో అలబామా విశ్వవిద్యాలయపు హంట్స్‌విల్ విద్యాపీఠమున డాక్టరు పట్టము నందిరి. ఓక్లహామాలోను, వర్జీనియాలోను బోధించి, 1992లో టెక్సాసు ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. యంత్రశాస్త్రజ్ఞులు మిక్కిలి గౌరవించు టిమొషెంకో పతకము 2019లో వారిని వరించినది.

వారి కృషికి మూలము ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. రామగుండము విద్యుత్కేంద్రమునందు తిరుగు టర్బైను రెక్కను తలచుకొనుడు. వంపులుగల ఆ రెక్క ఏ చోట నెంత వంగునో ఒక్క సూత్రముతో చెప్పుట దుస్సాధ్యము. కావున దానిని గణితమున చిన్నచిన్న ఖండములుగా విభజించి, ప్రతిఖండమునకు సులభమైన సమీకరణము వ్రాసి, కూడళ్లయందు పొరుగుఖండములు ఏకీభవించునట్లు కూర్చెదరు. ఏర్పడిన వేలకొలది సమీకరణములను కంప్యూటరు సాధించును. పదమును ప్రకృతిప్రత్యయములుగా విడదీసి, సంధిచేసి కూర్చు వైయాకరణునికిది పరాయిమార్గము కాదు.

ఇట్లు వచ్చిన ఫలము సత్యమునకు సమీపమేకాని సత్యమే కాదు. ఆర్యభటుడు 20000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 62832 అని చెప్పి, అది ఆసన్నమని ఒప్పుకొనెను. ఖండములు చిన్నవైనకొలది దోషమెంత తగ్గును? ఇట్టి ప్రశ్నలకు గణితపు పునాది వేయు గ్రంథమును రెడ్డిగారు తమ గురువైన ఓడెన్ గారితో కలిసి 1976లో ప్రకటించిరి.

1984 నాటి వారి సిద్ధాంతము మరియొకటి. విమానములకు వాడు కొన్ని పలకలు పలుచని పొరల నతికించి చేయబడును. తాళపత్రగ్రంథమును వంచి చూడుడు: ఆకులు ఒకదానిపై నొకటి జారును. అతికిన పొరలు అట్లు విడిగా జారవుగాని, జారుటకు యత్నించు బలము లోలోపల నుండనే యుండును. తొలి సిద్ధాంతము దీనిని లెక్కకు కొనలేదు. తరువాతిది మందమంతట నొకే తీరున నున్నదని యెంచి, ఒక సవరణసంఖ్యను తగిలించెను. రెడ్డిగారు కదలికను ఘనసమీకరణముచే వర్ణించి, పైతలమునను అడుగుతలమునను ఆ బలము శూన్యమగునట్లు చేసిరి. సవరణసంఖ్య యక్కర లేకపోయెను. అదే యేట విద్యార్థులకై ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి ప్రవేశగ్రంథమును వెలువరించిరి. శోధించినవారే పాఠమును వ్రాసిరి.

ఇక మన సంగతి. ఓరుగల్లున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసెను. 2008లో గ్రామీణ బాలబాలికలకై బాసర సరస్వతీక్షేత్రమున ట్రిపుల్ ఐటీ వెలసెను. ద్వారములు తెరచియున్నవి, గడప దాటు కాలికి బలము బడిలోనే రావలెను.

ఇచట మా దోషమొకటి చెప్పుకొనక తప్పదు. ఒకనాడు ఆర్యభటుని లెక్క చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "సార్, కచ్చితంగ ఎందుకు రాదు?" అని యడిగెను. "పరీక్షలో అడుగరు, కూర్చో" అంటిమి. ఆ యేడంతయు వాడు మరల ప్రశ్నింపలేదు. ఆ ప్రశ్న 1976 నాటి గ్రంథమునకు దగ్గరి చుట్టమని మాకు చాలకాలమునకుగాని తెలియలేదు.

కావున మా మనవి: శాలువలకు, జ్ఞాపికలకు ఏటేట ఖర్చగు సొమ్ములో సగము, మన వసతిగృహమున సాయంకాలము గణితము చెప్పు ఉపాధ్యాయునికి వేతనముగా నియ్యవలెను. అతడు ప్రశ్నించు బాలుని కూర్చుండబెట్టనివాడై యుండవలెను. ఈ సభలో మాకు కప్పదలచిన శాలువతోనే ఆ పొదుపు మొదలగుగాక.