పికప్పు బండి చక్రపు స్టడ్లు

ఎద్దుబండి నెరిగినవారందరును కడచీల నెరుగుదురు. చక్రము జారిపోకుండ ఇరుసు కొనను దిగవేసిన చీల యది. తన తావున కొంచెము వదులుగా నాడుచున్నను బండికి హాని లేదు, ఊడిపడకున్న చాలును. పికప్పు బండి చక్రమునకు గల స్టడ్లను గూడ మనవారిలో ననేకులు ఇట్టి కడచీలలుగనే తలచుచున్నారు. అయిదింటిలో నొకటి విరిగిన మిగిలిన నాలుగును చాలునని వారి ధైర్యము. ఈ ధైర్యము ఎంత అపాయకరమో నేడు మనవి చేయదలచితిని.

హబ్బు వెనుకవైపునుండి బిగువుగా దిగగొట్టబడి, ముందునకు పొడుచుకొనివచ్చిన మరచీలయే స్టడ్డు. చక్రపు రంధ్రముల నీ స్టడ్లకు దొడిగి, పైన నట్లు బిగింతురు. నట్టు బిగిసినకొలది స్టడ్డు కంటికి గనబడనంత సాగి, సాగదీసిన రబ్బరువలె మరల ముడుచుకొన జూచును. ఆ లాగుడే చక్రమును హబ్బునకు అదిమి పట్టుచున్నది. శ్రోతలు తమ రెండరచేతులను గట్టిగా నొత్తిపట్టి, ఒకదానిపై నొకటి జరుప బ్రయత్నించి చూడవచ్చును. అవి జరుగవు. బండి బరువును, బ్రేకు వేసినప్పటి తాకిడిని మోయునది ఆ విధమగు ఒరపిడియే గాని స్టడ్డు కాదు. స్టడ్డు పని పట్టి లాగుట మాత్రమే.

నట్టు వదులైనచో ఒత్తిడి తగ్గును. చక్రము హబ్బుపై రవంత కదలును. అంతవరకు లాగుటయే యెరిగిన స్టడ్డు అప్పటినుండి వంగుటకు మొదలిడును. చక్రము తిరిగిన ప్రతిమారును ఒక వంపు. పికప్పు చక్రము ఒక కిలోమీటరులో సుమారు 450 మారులు తిరుగును. నూరు కిలోమీటర్లు పోవునప్పటికి 45,000 వంపులు! ఏ యుక్కు ఇంత బాధ నోర్చును? 1842 మే 8వ తేదీన వెర్సాయినుండి పారిసునకు బోవు రైలు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు తగులబడి, ఏబదిమందికి పైగా మరణించిరి. ఆ శతాబ్దముననే ఆగస్ట్ వోలర్ అను జర్మను ఇంజనీరు రైలు ఇరుసులపై సంవత్సరములతరబడి పరీక్షలు చేసి, ఒక్కమారు మోపిన నిలువగల భారమే లక్షలమారులు మోపిన లోహమును విరుచునని చూపెను. ఇరుసున కెట్లో స్టడ్డునకును అట్లే.

అట్లని బలము కొలది బిగించుటయు మేలు కాదు. పానా కాడకు పొడుగాటి గొట్టము తగిలించి, దానిపై నెక్కి త్రొక్కుట మన రోడ్లప్రక్కన నిత్యము చూచుచున్నదే. 12 మిల్లీమీటర్ల స్టడ్డునకు సామాన్యముగా కోరబడు బిగువు అరమీటరు కాడ చివర ఇరువది కిలోల బరువు వ్రేలాడదీసినంత. 70 కిలోల మనిషి ఆ కాడపై నిలిచినచో అది మూడురెట్లు మించును. అప్పుడు స్టడ్డు ముడుచుకొను గుణమును గోల్పోయి సాగియే యుండిపోవును. బిగించినవానికి తృప్తి, స్టడ్డునకు చేటు. గాలిగన్నుతో లెక్కలేక బిగించుటయు ఇట్టిదే. తమ బండికి తగిన కొలత దాని చేపుస్తకమున నుండును. టార్కు పానా యొకటి కొనుట వ్యర్థవ్యయము కాదు.

విరిగిన ముక్కను పారవేయక పరికించుడు. విరిగిన ముఖమున కొంతభాగము నునుపై, ఇసుకతిన్నెపై నీటితరగలు విడిచిన చాళ్ళవంటి గీతలు గలిగి, తక్కినది గరుకుగా నున్నచో అది వదులు బిగింపువలన నాళ్ళకొలది వంగి చచ్చినది. మెడ సన్నగిలి మరచుట్లు ఎడమెడముగా సాగియున్నచో అది అతిబలమునకు బలియైనది. మొదటిదానికి తోడివి క్షేమముగా నున్నవని నమ్మరాదు. అవియు అన్ని వంపులు వంగినవే గదా. కావున ఒకటి విరిగిన దాని కిరుప్రక్కల వానినైనను, రెండు విరిగిన ఆ చక్రపు స్టడ్ల నన్నింటిని మార్చుటయే నా మతము. ఇది దండుగ యని కొందరు మెకానిక్కు లందురు, నే నంగీకరింపను. మదనపల్లె విపణికి టమాటా పెట్టెలతో చీకటిననే పరుగెత్తు బండ్లున్నవి. చట్ట మొప్పకున్నను మిరపకోతలకు కూలీలను వెనుక నిలిపికొని పోవు బండ్లున్నవి. ఊడిన చక్రము బండి వేగముతోనే ముందునకు దొరలును. దాని కెదురుగా నడచువానికి తప్పుకొన వ్యవధి యుండదు.

మార్చుపద్ధతి కష్టమైనది కాదు. బండిని చదునునేలపై నిలిపి, తక్కిన చక్రములకు అడ్డురాళ్ళు పెట్టి, జాకీతో లేపినపిదప క్రింద స్టాండుంచవలెను. జాకీ నొక్కదానిని నమ్మి బండిక్రింద చేయి పెట్టరాదు. చక్రమును, డ్రమ్మును దీసి, విరిగిన స్టడ్డును వెనుకకు వెడలనొత్తవలెను. ప్రెస్సున్న మంచిది, సుత్తిదెబ్బలు బేరింగులకు హాని చేయును. పాత ముక్కను చూపియే క్రొత్తది కొనుడు: మర, పొడవు, మెడమీది పళ్ళ కొలత మూడును సరిపోవలెను. ఆ పళ్ళను హబ్బులోని పాత గాళ్ళకు సరిచూచి వెనుకనుండి దూర్చి, ముందు కొన్ని వాషర్లు పేర్చి, పాతనట్టుతో మెల్లగా లాగిన తల వెనుక నానుకొనును. రంధ్రమే పెద్దదైనచో కొందరు వెల్డింగు చేయుదురు. ఆ వేడిమికి స్టడ్డునకు పెట్టిన పదును చెడును. హబ్బు మార్చుటకన్న వేరుదారి లేదు.

చక్రమును తగిలించుటకు ముందు రెండు ముఖములయందలి బురదను, తుప్పును, క్రొత్తరంగును గీకివేయవలెను. ఇవి నడుమనుండి నలిగిపోయినకొలది బిగువు సడలును. చక్రపు రంధ్రములు కోడిగ్రుడ్డువలె సాగియున్నచో ఆ చక్రమును వాడరాదు. మరలకు నూనె రాయుట యజమానులు ప్రీతితో చేయు పని. కాని నూనెవలన ఒరపిడి తగ్గి, అదే త్రిప్పునకు స్టడ్డు ఎక్కువ సాగును. చేపుస్తకము చెప్పిననే రాయుడు. నట్ల నెదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపుడు. 80 మొదలు 100 కిలోమీటర్లు నడచినపిదప చక్రము చల్లారనిచ్చి మరల నొక్కమారు పానా పెట్టి చూడుడు. నట్టు చుట్టును తుప్పునీటి చారలు వెలువడియున్నను, చక్రమునుండి టకటకమను శబ్దము వచ్చినను, ఆ మరునాటి పయనము నాపి ముందు నట్లను చూపించుడు.