గొలుసు చేతిలో పెట్టేముందు



ఇల్లు మారేటప్పుడు పచ్చడి జాడీ పగలకుండా గుడ్డ చుట్టి మరీ సర్దుకుంటాం. తులసి కుండీని జాగ్రత్తగా పక్కింటి వదినగారికి అప్పజెబుతాం. మరి ఆరేళ్లు మన గుమ్మం కాచిన పెద్ద కుక్క మాటేమిటి? "ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం లెండి" అనేస్తాం. నేనూ అలాగే అన్నాను. ఆ తప్పే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

మాది హుజూర్‌నగర్. పెద్ద దొడ్డి ఉన్న ఇల్లు వదిలి మేడమీద రెండు గదుల వాటాకు మారవలసి వచ్చింది. కుక్క ఉండడానికి ఇంటివారు ఒప్పుకోలేదు. మా ఆల్సేషియన్ పేరు రాజు. ముప్ఫై అయిదు కిలోల బరువు. మా ఊళ్లో రైసుమిల్లులకు కొదవలేదు కదా! ఒక మిల్లువారు కాపలాకు కావాలంటే, మంచీ చెడ్డా విచారించకుండా గొలుసు వాళ్ల చేతిలో పెట్టేశాం.

పది రోజుల తర్వాత మనసాగక వెళ్లాను. రేకుల కింద మూరెడు గొలుసుకు కట్టేసి ఉంది. మెడ చుట్టూ బొచ్చు రాలి పుండు పడింది. "బువ్వ సరిగ తింటలేదమ్మా, ఎప్పుడూ గేటు దిక్కే చూస్తది" అన్నాడు కాపలా మనిషి. నన్ను చూసి రాజు మొరగలేదు, ఎగరలేదు. నా చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. ఇంటివారిని రెండు నెలలు గడువు అడిగి, ఆ పూటే వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ రెండు నెలల్లో నేర్చుకున్నవే ఈ నాలుగు మాటలు.

ముందుగా పశువుల డాక్టరుకు చూపించి, రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించండి. ఆడకుక్కయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఇవ్వండి. లేకపోతే ఈతకు ఈత పిల్లల్ని అమ్ముకునేవాళ్ల పాలబడవచ్చు.

రెండోది, ఉన్నమాట చెప్పండి. గొలుసు పట్టుకుంటే గుంజుతుందా, ఉరుముకు బెదురుతుందా, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా, ఏదీ దాచకూడదు. అంత కుక్క కరిస్తే చిన్న గాయంతో పోదు. కరిచే గుణం దాచిపెట్టి పసిపిల్లలున్న ఇంటికి పంపితే, ఆ పాపం కుక్కది కాదు, మనది.

మూడోది, ఆ ఇంటికి మీరే స్వయంగా వెళ్లండి. ప్రహరీ ఉందా? నీడ, నీళ్లు ఉన్నాయా? వేసవిలో మన వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఒత్తు బొచ్చు జాతులు తట్టుకోలేవు. కుక్క ఇంట్లోవాళ్లందరికీ ఇష్టమేనా? ముఖ్యంగా ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. చివరికి రోజూ గిన్నె పెట్టేది ఆవిడే కదా!

నాలుగోది, ఒక్కరోజులో వదిలి రాకండి. కుక్కతో రెండు మూడుసార్లు వెళ్లిరండి. అది పడుకునే పాత దుప్పటి, గిన్నె, టీకాల పుస్తకం, దానికి తెలిసిన మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి. అది కొత్తచోటికి అలవాటుపడే దాకా గొలుసు లేకుండా బయటికి వదలొద్దని చెప్పండి. పాత ఇంటిని వెతుక్కుంటూ పోతుంది. "కుదరకపోతే మాకే కబురు చేయండి, రోడ్డున మాత్రం వదలొద్దు" అని మరీ మరీ చెప్పండి.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులతో మాడేలా జంతువును వదిలేయడమూ నేరమే. మరీ పొట్టి గొలుసుకు గంటల తరబడి కట్టేయడమూ నేరమే. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు ప్రారంభించిన బ్లూక్రాస్ వంటి సంస్థలున్నాయిగా అంటారేమో. దిక్కులేని జీవాలకు అవి ఆసరా. ఇల్లెరిగిన కుక్కకు కావలసింది మాత్రం ఇంకో ఇల్లే.

ధర్మరాజు స్వర్గం గుమ్మం దాకా వెళ్లి కూడా వెంట వచ్చిన కుక్కను వదలనన్నాడట. మనం అంతటివాళ్లం కాకపోవచ్చు. ఎక్కడ వదులుతున్నామో చూసుకోలేమా?

రాజు ఇప్పుడు మిర్యాలగూడ వైపు ఒక బత్తాయి తోటలో పెద్దవయసు దంపతుల దగ్గర ఉంది. మొన్న వెళితే పరుగున వచ్చి చేతులు నాకింది. నేను బయలుదేరినప్పుడు గేటు దాకా సాగనంపి, తనంతట తనే వెనక్కి తిరిగి ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లిపోయింది. కళ్లు చెమర్చిన మాట నిజమే కానీ, మనసు కుదుటపడింది.