పంచుకుంటే త్వరగా తెమిలే పని: ఫొటో, వీడియో కుదింపు
(నాయుడుపేటలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనందరి చేతుల్లో ఉన్న ఫోను గురించే చెబుతాను. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగు రాసుకోవడానికి 3 బైట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మలు. ఉన్నదున్నట్టు దాచితే నిమిషం వీడియోకు 11 జీబీ దాటుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాకు ఎనిమిది సెకన్లకే అయిపోతుంది. అయినా మనం పెళ్లి వీడియోలు దుబాయ్‌కి, కువైట్‌కి పంపుతూనే ఉన్నాం. దానికి కారణం కంప్రెషన్, అంటే కుదింపు.

ఈ కుదింపుకు పునాది వేసినవారిలో ఒకరు బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ గారు. 1972లో ఆయన అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు తన ఆలోచన రాసి నిధులు అడిగారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నారట. ఆయన ఆగలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన కామిశెట్టి రామమోహనరావు గారితోనూ కలిసి 1974 జనవరిలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. అందులో చెప్పిన లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. 1992లో వచ్చిన జేపెగ్ ఫొటో దాని మీదే నిలబడింది. ఆ తర్వాత వచ్చిన వీడియో పద్ధతుల్లో చాలావాటికీ అదే ఆధారం.

ఆ లెక్క ఏం చేస్తుందంటే, బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 విలువలను 64 అలల పాళ్లుగా మారుస్తుంది. మామూలు ఫొటోలో పెద్ద అలలకే బరువెక్కువ, సన్నని అలలు దాదాపు సున్నా. మన కన్ను సన్నని వివరాన్ని అంతగా పట్టించుకోదు కాబట్టి వాటిని వదిలేస్తారు. బొమ్మ అలాగే కనిపిస్తుంది, బరువు మాత్రం తగ్గుతుంది.

ఒక ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఇలాంటి గళ్లు 32,400. సెకనుకు 30 బొమ్మలంటే 9,72,000 గళ్లు. ఒక్కడే చేస్తే తెమలదు. రంజాన్‌లో మనం రేషన్ సంచులు కట్టినట్టే చెయ్యాలి. ఒక సంచి కట్టడానికి పక్క సంచితో పనిలేదు. పదిమంది కూర్చుంటే పది సంచులు ఒకేసారి తయారవుతాయి. ఫోను చిప్పులో కూడా ఎన్నో గళ్ల లెక్క ఒకేసారి జరుగుతుంది. దీన్నే సమాంతర ప్రాసెసింగ్ అంటారు.

అయితే ప్రతి పనీ ఇలా పంచుకోలేం. సరుకు లారీ వస్తేగాని సంచి కట్టలేం కదా! 100 నిమిషాల పనిలో 10 నిమిషాలు ఒక్కరే చెయ్యాల్సింది ఉంటే, మిగతా 90 నిమిషాల పనికి పదిమంది చేరితే మొత్తం 19 నిమిషాలు పడుతుంది. వెయ్యి మంది చేరినా 10 నిమిషాల కంటే తగ్గదు. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రం ఇదే. కుదింపులోనూ ఇలాంటి ముడి ఉంది. ఒక గడిని పక్క గడితో పోల్చి, తేడా మాత్రమే రాస్తే చోటు కలిసొస్తుంది. కానీ పోల్చాలంటే పక్కది ముందే పూర్తికావాలి.

దీనికి 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ పద్ధతి ఒక ఉపాయం చూపింది. గోడ కట్టేటప్పుడు కింది వరుస మొత్తం అయ్యేదాకా పై వరుస మేస్త్రీ ఆగక్కర్లేదు. కింద రెండు ఇటుకలు ముందుకెళితే పైన ఒకటి పెట్టొచ్చు. అక్కడా అంతే. పై వరుసలో రెండు గళ్లు పూర్తికాగానే కింది వరుస మొదలవుతుంది. అందరూ ఒక్కో అడుగు తేడాతో ఒకేసారి పనిచేస్తారు.

మన పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి 2005 మే 5న వెళ్లిన కార్టోశాట్-1 కూడా తీసిన చిత్రాలను మూడో వంతుకు కుదించి కిందికి పంపేది. ఆకాశంలో ఉన్నదానికైనా, చేతిలో ఉన్నదానికైనా సూత్రం ఒకటే.

ఇక మనకు అసలు అవసరమైన మాట. కుదింపు వదిలేసేది సన్నని వివరాన్నే అన్నాను. ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ రాతలో ప్రాణమంతా ఆ సన్నని చుక్కల్లోనే ఉంది. బే, పే, తే, సే అక్షరాలకు గీత ఒకటే, చుక్కల్లోనే తేడా. పాత దస్తావేజులో 'బాగ్' అంటే తోట. చివరి అక్షరం మీది ఒక్క చుక్క చెరిగితే అదే అరబ్బీలో 'బాఅ', అంటే అమ్మాడు. వక్ఫ్ చేసిన తోట కాగితం మీద అమ్మిన తోటలా కనిపిస్తే ఎంత అనర్థం! వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించే పని 2025లో మొదలైంది కాబట్టి ఈ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం.

అందుకే పాత కాగితాలను 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. పీఎన్‌జీగా ఒక అసలు ప్రతిని రెండు చోట్ల దాచండి. కుదించేది నకలునే, అదీ ఒక్కసారే. మళ్లీ మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. పిల్లలూ, సర్టిఫికెట్ 200 కేబీ లోపే ఉండాలని అడిగితే ముందు అంచులు కత్తిరించండి, రంగు తీసేయండి, ఆ తర్వాతే కుదించండి. చివరికి పెద్దది చేసి చూసి మార్కులు, పేరు చదవగలిగితేనే పంపండి.

ఈ పని కూడా పంచుకునేదే. ఇంటర్, డిగ్రీ పిల్లలు పదిమంది ముందుకొస్తే మన మసీదు, ఖబరస్తాన్ కాగితాలన్నీ కొన్ని ఆదివారాల్లో స్కాన్ అవుతాయి. చదివి సరిచూసేందుకు మాత్రం ఉర్దూ బాగా వచ్చిన పెద్దవాళ్లు కావాలి. అక్కడ తొందర పనికిరాదు.

కమిటీ పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏడు ఏ పిల్లవాడి అర్జీ అయినా మరీ చిన్న ఆలోచనలా కనిపిస్తే, పక్కన పెట్టేముందు నసీర్ అహ్మద్ గారి అర్జీని ఒక్కసారి తలుచుకోండి.

అల్లాహ్ మన పిల్లల చదువులో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.