ఎవరి యెదుట గొప్ప?

ఈ ఉదయమున యౌవనస్థుల తలిదండ్రులతో కొంచెము మాట్లాడాలని ఆశపడుతున్నాను.

తంగళ్ళపల్లి ప్రాంతంలో ఒక కుటుంబం. తండ్రి సాంచాల మీద ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పని చేస్తాడు. తల్లి బీడీలు చుడుతుంది. పదో తరగతి చదివే కొడుకు బడి ఎగ్గొట్టి, తండ్రి కూలి డబ్బుల్లోంచి తీసి, బైకుల మీద తిరగసాగాడు. తల్లి ఏడుస్తూ నా యొద్దకు తెచ్చి, "వీనికి ఒక గురి లేదు అయ్యగారూ" అన్నది. నేనూ అదే అనుకున్నాను. గురిలేని యౌవనమని ఎన్ని ప్రసంగాలు చేశానో!

వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకేం కావాలిరా?" అని అడిగాను. చాలాసేపు తల వంచుకొని, "నేను వస్తాంటే పోరగాండ్లు నన్ను చూడాలె అయ్యగారూ" అన్నాడు.

గురి ఉంది! మనం పెట్టినది కాదు, అంతే.

ఆస్ట్రేలియాలో అన్నమరీ కరోల్, ఆమె తోటి పరిశోధకులు 1997లో ఈ సంగతే ప్రచురించారు. నేరాలలో చిక్కిన పిల్లలకు కూడా గురి ఉన్నది. స్వేచ్ఛ, తోటివారిలో పేరు వారికి ముఖ్యం. చిక్కని పిల్లలకు చదువు, మనుష్యులతో మంచి సంబంధాలు ముఖ్యం. అమెరికాలో రిచర్డ్ జెస్సర్, షిర్లీ జెస్సర్ 1977లోనే తమ గ్రంథంలో, చదువులో రాణిస్తాననే ఆశ తగ్గిన పిల్లల్లో ఇటువంటి ప్రవర్తన ఎక్కువని చూపారు.

ఆశ తగ్గిన పిల్లలు! మన ఇండ్లలో గౌరవానికి మార్కులొక్కటే ద్వారం. లెక్కల్లో తప్పినవానికి ఆ ద్వారం మూసుకుంటుంది. వీధిలో మాత్రం, బైకు ముందు చక్రం లేపితే ఈలలు వేసే నలుగురు ఎప్పుడూ ఉంటారు.

17 ఏండ్ల యోసేపు, అన్నలు తనకు సాగిలపడినట్టు కల కన్నాడు. కన్నది చాలక వాళ్ళకే చెప్పాడు! దేవుడు ఆ కలను తీసివేయలేదు. పోతీఫరు ఇంటి పని, చెరసాలలో ఖైదీల బాధ్యత చేతికిచ్చాడు. ఫరో యెదుట నిలిచేసరికి 30 ఏండ్లు.

మా పిల్లవానికి వైర్లంటే ఇష్టం. మందిరపు మైకు సెట్టు వాని చేతికిద్దామంటే, "దొంగ చేతికి తాళాలా?" అన్నారు సంఘపెద్దలు. అయినా ఇచ్చాము. క్రిస్మస్ ఆరాధనలో మైకు ఆగిపోతే వాడే సరిచేశాడు. ఆ మాటన్న పెద్దాయనే అందరి ముందు వాణ్ణి పేరు పెట్టి మెచ్చుకున్నాడు. వెనుక వరుసలో తండ్రి చూస్తున్నాడు.

ఇప్పుడు వారంలో నాలుగు రోజులు బడికి పోతున్నాడు. మిగతా రెండు రోజుల సంగతి నేనింకా అడగలేదు. మీ ప్రార్థనలలో ఆ పిల్లవానిని జ్ఞాపకము చేసికొనండి.