ఎముక విరిగితే ఎక్కడికి పోవాలి?

(రాయపురంలో మిల్లు కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జీతాల గురించి, బోనసు గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు మన కాళ్లూ చేతుల గురించి మాట్లాడుకుందాం. కార్మికుడికి ఉన్న ఆస్తి అవే. యంత్రం చెడితే యాజమాన్యం కొత్తది తెచ్చుకుంటుంది. మన చెయ్యి చెడితే కొత్తది రాదు.

ఎముక విరిగిందంటే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట పుత్తూరు కట్టు. చిత్తూరు సీమలో పుట్టిన ఈ వైద్యం మనవాళ్లతో పాటే మద్రాసు చేరింది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు - ఇవీ దాని సరంజామా. ఖర్చు తక్కువ, కోత లేదు. అందుకే జనం పోతున్నారు. దాన్ని మేము ఎగతాళి చెయ్యం. కానీ ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలి.

ఎముకను అతికించేది కట్టూ కాదు, డాక్టరూ కాదు. శరీరమే అతికించుకుంటుంది. విరిగిన ముక్కలను సరైన చోట, కదలకుండా నిలిపి ఉంచడమే వైద్యం చేసే పని. చర్మం చిట్లకుండా, ముక్కలు జరగకుండా ఎముక విరిగితే చాలాసార్లు ఆపరేషన్ అక్కర్లేదు. పిండికట్టు చాలు. పెద్దవాళ్లకు మణికట్టు సుమారు ఆరు వారాల్లో అతుక్కుంటుంది. కాలి ఎముకకు మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. అయితే ముక్కలు జరిగాయో లేదో చేత్తో తడిమితే తెలియదు. ఎక్స్‌రే తియ్యాలి.

ఇక కట్టుతో సరిపోనివి ఉన్నాయి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే అది గంటల్లో చూడవలసిన పని. గాయం కడిగి, మందులిచ్చి, ధనుర్వాతం సూది వెయ్యాలి. కీలులోకి విరిగినా, ముసలివాళ్లకు తుంటి విరిగినా, రక్తనాళమో నరమో తెగినా చాలావరకు ఆపరేషన్ తప్పదు. తొడ ఎముక విరిగితే లోపల కడ్డీ వేస్తారు. నెలల తరబడి మంచం పట్టకుండా త్వరగా లేచి నడవడానికే ఆ కడ్డీ.

ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి మాకే సిగ్గుగా ఉంది. మా సభ్యుడొకరి ఎనిమిదేళ్ల కొడుకు గోడ మీంచి పడి మోచేతి పైన విరగ్గొట్టుకున్నాడు. ఒకచోట బిగించి కట్టు కట్టారు. రాత్రంతా ఏడ్చాడు. "కట్టన్నాక నొప్పి ఉండదా?" అని సర్దిచెప్పింది మేమే. తెల్లారేసరికి వేళ్లు చల్లబడ్డాయి, స్పర్శ లేదు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి కండ చచ్చిపోయింది. ఈరోజు ఆ చేతి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. కలం పట్టలేడు. వాపుకు చోటు లేక రక్తం ఆగిపోతే ఆరేడు గంటల్లోనే కండ పోతుంది. పసరు కట్టయినా పిండికట్టయినా సరే, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్లు చాపితే ప్రాణం పోయినట్టున్నా, తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే కట్టు విప్పించాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

మిల్లులో వేలు తెగితే ఆ వేలిని పారెయ్యకండి. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసునీళ్లలో ఉంచండి. ఐసు నేరుగా తగలకూడదు. మన పక్కనే స్టాన్లీ ఆస్పత్రి ఉంది. డాక్టర్ ఆర్. వెంకటస్వామి అక్కడ నెలకొల్పిన చేతి శస్త్రచికిత్స విభాగం దేశమంతా పేరు పొందింది. గేటు దాటితే అందే వైద్యాన్ని తెలియక పోగొట్టుకోవద్దు.

మన కుర్రాళ్లు కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడతారు. మోకాలు మెలిపడి "టప్"మని శబ్దం వచ్చి, వెంటనే వాచిందంటే లోపలి లిగమెంటు తెగి ఉండవచ్చు. నూనె పెట్టి మర్దనా చెయ్యకండి. ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి డాక్టరుకు చూపించండి. అన్నిటికీ ఆపరేషన్ ఉండదు. కొందరికి వ్యాయామమే చాలు. మోకాలు మాటిమాటికీ జారిపోతుంటే చిన్న రంధ్రాల ద్వారా కొత్త లిగమెంటు అమరుస్తారు. ఆపరేషన్ చేయించుకున్నా సరే, నెలల తరబడి ఫిజియోథెరపీ మానకూడదు. మానేస్తే పెట్టిన ఖర్చు గంగపాలే.

చివరిగా హక్కు సంగతి. ఇ.ఎస్.ఐ. కోసం 2019 జూలై నుంచి మన జీతంలో నూటికి ముప్పావు రూపాయి కోస్తున్నారు. పనిలో దెబ్బ తగిలితే, పని చేయలేని కాలానికి జీతంలో 90 శాతం రావాలి. మామూలు జబ్బుకు 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులు. డ్యూటీకి వచ్చే దారిలో, పోయే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా 2010 సవరణ తరువాత ఈ హక్కు ఉంది. కానీ ప్రమాదం పుస్తకంలో ఎక్కాలి, ఇ.ఎస్.ఐ. డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. "రేపు రాసుకుందాంలే, ముందు కట్టు కట్టించుకో" అని సూపర్‌వైజరు అంటే వినకండి. ఆ రేపు రాదు. అలా మోసపోయినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

కాబట్టి ప్రతి షిఫ్టులో ఇద్దరు ఈ బాధ్యత తీసుకోండి. ఒకరు దెబ్బతిన్నవాడి వెంట ఆస్పత్రికి పోవాలి. రెండోవారు పుస్తకంలో రాయించాకే కదలాలి. ఆ పిల్లవాడి చెయ్యి మనం తిరిగి తేలేం. ఇంకొక చెయ్యి పోకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది.