సెల్‌ఫోను యాప్‌లు – పదుగురి తోడ్పాటు

(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



నేడు పైకము పంపుటకును, పంట ధర తెలిసికొనుటకును, దూరమందలి బిడ్డల ముఖము చూచుటకును అందరు సెల్‌ఫోనునే తెరచుచున్నారు. ఫోనులో ఒక్కొక్క పనికై అమర్చిన ప్రోగ్రామును యాప్ అందురు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట కంప్యూటరు పనికై ఎందరో తెలుగు యువకులు ఆ నగరము చేరిరి. 2008లో ఆండ్రాయిడ్ ఫోనును, ఆపిల్ వారి యాప్ అంగడియు వెలసినవి. అప్పటినుండి యాప్‌లు వ్రాయుట ప్రత్యేక వృత్తిగా పెరిగెను.

చూచువారికి ఇది నీడపట్టున కూర్చుండి చేయు సుఖమైన పని. నిజమునకు ఇందు క్రొత్తగా వ్రాయుట కొంత, తప్పులు వెదకుట మిక్కిలి. ఒక ఫోనులో చక్కగా నడచినది వేరొక ఫోనులో నిలిచిపోవును. వెల తక్కువ ఫోనులను, సిగ్నలు అందని చేలను, ఇంగ్లీషు రానివారిని తలచుకొని వ్రాయవలెను. పద్దులో ఒక్క అంకె తప్పినను మొత్తము కుదరదు గదా! ఇచటను అంతే.

దీనికి మన లిపియే సాక్ష్యము. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము ఒక విధముగా కూర్చబడి తెరపైకి వచ్చినంతనే ఐఫోనులలో సందేశముల యాప్‌లు మూతపడెను. దీర్ఘమునకు ముందు కంటికి కనబడని గుర్తొకటి చేరుటచే, అక్షరములను చిత్రించు ప్రోగ్రాము తడబడినది. తప్పు యాప్‌లు వ్రాసినవారిది కాదు, ఫోను లోపలిది. ఆపిల్ వారు ఆ నెల 19న 11.2.6 అను సవరణ విడుదల చేసి దిద్దిరి. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే అంత యంత్రమును ఆపినది! నవ్వుకొనదగిన ముచ్చటే కాని, తెలుగు చదువువారు పరీక్షించినగాని తెలుగు చిక్కులు ముందుగా బయటపడవను పాఠము ఇందు కలదు.

ఈ వృత్తిలో విద్యను దాచుకొనని సంప్రదాయమొకటి కలదు. ఆండ్రాయిడ్‌కు ఆధారమైన లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించెను. దాని వ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. గ్రంథాలయ ధర్మమును ఇదియే.

అయితే చదివి నేర్చినంత మాత్రమున చాలదు. 2023 నవంబరు పిమ్మట వ్యక్తిగతముగా చేరిన రూపకర్తలకు గూగుల్ వారు ఒక నియమము విధించిరి. యాప్‌ను అంగడిలో ఉంచుటకు ముందు 20 మంది పరీక్షకులుగా చేరి 14 దినములు ఎడతెగక కొనసాగవలెను. 2024లో ఆ సంఖ్య 12కు తగ్గినది. చేరుటకు రుసుము ఒక్కమారు 25 డాలర్లు. ఆ పైకమును ఎట్లో సమకూర్చుకొనవచ్చును. ఓపికగల పన్నిద్దరు మనుష్యులను సమకూర్చుకొనుటయే కష్టము. పట్నమున తోటివారు గలవారికి అది సులభము. పల్లెలో ఒంటరిగా నేర్చుకొను బాలునికో బాలికకో అదియే పెద్ద గోడ.

ఆ గోడను దాటించుట గ్రంథాలయమునకు తగిన పని. చందాదారులలో పన్నిద్దరు దొరకరా? వారు కోడు నేర్వనక్కరలేదు. యాప్‌ను నిత్యము తెరచి వాడవలెను. ‘పనిచేయలేదు’ అని ఊరకుండక, ఏ ఫోనులో, ఏది నొక్కగా, తెరపై ఏమి కనబడినదో వ్రాసి యీయవలెను. తెలుగు మాట తప్పుగానున్న సరియైనది చెప్పవలెను. రహస్య సంకేతములను మాత్రము ఎవ్వరికిని ఈయరాదు.

గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టుటంచు కలియు చోటనే నేతగాని నేర్పు తెలియును. వ్రాయువారి విద్యయు, వాడువారి అనుభవమును అట్లు కలిసిననాడే యాప్ నిలుచును. రాబోవు సంవత్సరములలో ఈ గ్రంథాలయపు బల్లచుట్టు అట్టి పన్నిద్దరు కూర్చుందురు గాక!