ఇంట కట్టిన విమానమునకు ఇంజను ఎన్నిక
(సంఘ వార్షికోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



1903వ సంవత్సరమున అమెరికాలో రెండు యంత్రములు ఎగురుటకు సిద్ధమై యుండెను. ఒకటి స్మిత్‌సోనియన్ సంస్థ కార్యదర్శి శామ్యూల్ లాంగ్లీ కట్టించినది. దానికై అచ్చటి యుద్ధశాఖ 50,000 డాలర్లు మంజూరు చేసెను. దాని ఇంజను ఆ కాలమునకు ఒక అద్భుతము. 52 అశ్వశక్తులు కలది. రెండవది డేటన్ పట్టణమున సైకిళ్ళ దుకాణము నడుపుకొను రైట్ సోదరులది. వారి ఇంజను బలము 12 అశ్వశక్తులు మాత్రమే. లాంగ్లీ యంత్రము అక్టోబరు 7న ఒకమారు, డిసెంబరు 8న ఇంకొకమారు పొటోమాక్ నదిలో కూలెను. తొమ్మిది దినములు గడచిన పిమ్మట, డిసెంబరు 17న, రైట్ సోదరుల యంత్రము కిట్టీహాక్ సమీపమున ఇసుకనేలపై నాలుగు మారులు ఎగిరెను. నాలుగవ మారు 59 సెకండ్లు నిలిచి 852 అడుగులు సాగెను.

లాంగ్లీ యంత్రము కూలుటకు ఇంజను కారణము కాదనుట న్యాయము. ఇంజను చక్కగానే పనిచేసెను. చట్రములోను, దానిని పడవ మీదినుండి విసరు ఏర్పాటులోను లోపములుండెను. అయినను ఈ రెండు ఉదంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు ఒక విషయము తెలియుచున్నది. రైట్ సోదరులు మొదట తమ యంత్రమునకు ఎంత బలము కావలెనో లెక్క కట్టుకొనిరి. గాలి గొట్టములో చిన్న రెక్కలను పరీక్షించి, సుమారు 8 అశ్వశక్తులు చాలునని తేల్చుకొనిరి. ఆ పిమ్మటనే మోటారు కంపెనీలకు ఉత్తరములు వ్రాసిరి. తగినది ఎవరును ఈయలేదు. అప్పుడు వారి దుకాణపు పనివాడు చార్లీ టేలర్ ఒక లేతు, ఒక డ్రిల్లు యంత్రము సాయముతో సుమారు ఆరు వారములలో ఇంజను తయారు చేసెను. దాని పెట్టె అల్యూమినియముతో పోతపోసినది. మొదలిడినపుడు 16 అశ్వశక్తులు ఇచ్చి, వేడెక్కిన తోడనే 12కు దిగిపోయెడిది. కోరినదానికన్న ఎక్కువే లభించినదని సోదరులు సంతోషించిరి. ఇంట విమానము కట్టుకొనిన మొదటివారు వీరే యనవచ్చును. ఇంజను ఎన్నుకొను క్రమము కూడ వీరినుండియే నేర్వదగినది.

ఇంట విమానము కట్టుట మన దేశమున అరుదు గాని, అమెరికాలో అది వేలమంది వ్యాసంగము. నిర్మాణములో అధికభాగము తన చేతులతో చేసినవానికి అచ్చటి ప్రభుత్వము "ప్రయోగాత్మక" వర్గమున అనుమతి నిచ్చును. రెక్కలు, తోక, చక్రములు అన్నియు నమూనా పటములను చూచి ఓపికతో చేసికొనవచ్చును. ఇంజను మాత్రము సామాన్యునిచే తయారు కాదు, కొనవలసినదే. బుద్ధిమంతుడు సైతము తొట్రుపడునది ఇచ్చటనే. కచేరీలలో కొటేషనులు తెప్పించి తక్కువ ధరవానికి కంట్రాక్టు ఇచ్చుట మనకు పరిచితమే. బల్లలు, కుర్చీలు కొనుటకు ఆ పద్ధతి చాలును.

మినెసోటా రాష్ట్రమున చెర్రీగ్రోవ్ అను కుగ్రామము కలదు. అచ్చట బెర్నార్డ్ పీటెన్‌పోల్ అను మెకానికు ఉండెను. విమానపు ఇంజనులు ప్రియములై తన వంటివారికి అందకపోవుట చూచి, ఫోర్డు కంపెనీవారి "మోడల్ ఏ" కారు ఇంజనును తాను కట్టిన "ఎయిర్ క్యాంపర్" అను రెండు సీట్ల విమానమునకు అమర్చి 1929లో ఎగురవేసెను. కారు ఇంజనుతో విమానము నడువదని ఒక పత్రికా సంపాదకుడు వ్రాసియుండగా, ఇతడు మిత్రునితో కూడి రెండు విమానములలో మినియాపోలిస్ ప్రాంతమునకు ఎగిరి వెళ్ళి వానిని చూపెను. ఆ సంపాదకుడే పిమ్మట పీటెన్‌పోల్ పటములను అచ్చువేసెను! పండితవాదములలో ఇట్టి మర్యాద తఱచుగా కానరాదు.

ఆ ఇంజను ఏల పనికివచ్చెనో చూడవలెను. అది మెల్లగా తిరుగు యంత్రము. నిమిషమునకు 2,200 చుట్ల వద్ద 40 అశ్వశక్తులు ఇచ్చును. విమానమును లాగునది ఇంజను కాదు, ప్రొపెల్లరు. ప్రొపెల్లరు పెద్దదై మెల్లగా తిరిగినచో గాలిని బాగుగా పట్టును. ఆరడుగుల ప్రొపెల్లరు నిమిషమునకు 2,700 చుట్లు తిరిగినపుడు దాని కొన సెకండుకు సుమారు 850 అడుగులు పోవును. అదే 4,500 చుట్లు తిరిగెనా, కొన వేగము 1,400 అడుగులు దాటును. ధ్వనివేగము సుమారు 1,120 అడుగులే. కొన ధ్వనిని మించినచో బలమంతయు రొదగా మారి వ్యర్థమగును. కావున ఈ కాలపు కారు ఇంజను 100 అశ్వశక్తులదని అంగడివాడు చెప్పినచో, ఎన్ని చుట్ల వద్ద అని మొదట అడుగవలెను. 5,000 చుట్ల వద్ద దొరకు బలమును వాడుకొనుటకు నడుమ వేగము తగ్గించు గేరు పెట్టె కావలెను. ఆస్ట్రియా దేశపు "రోటాక్స్ 912" ఇంజను ఆ పెట్టెతోనే పుట్టినది. అది 5,800 చుట్లు తిరుగుచుండగా ప్రొపెల్లరు అందులో సగముకన్న తక్కువ తిరుగును. కాని ఇంటిలో ఎవరికి వారు కల్పించుకొనిన గేరు పెట్టెలు, బెల్టులు ఇంజనుకన్న ముందు విరిగిన సందర్భములు అనేకము.

మరియొక భేదము కలదు. కారు రోడ్డుమీద పోవునపుడు దాని ఇంజను తన శక్తిలో కొద్దిపాలు మాత్రమే వాడును. గంటల తరబడి పూర్తి బలము చూపదు. విమానపు ఇంజను ఎగురుటకు పూర్తి బలమును, పిమ్మట గంటల కొలది ముప్పాతిక బలమును ఈయవలెను. అంతేగాక ప్రొపెల్లరు లాగు బలము, విమానము మలుపు తిరిగినపుడు అది తిప్పు మెలిక, రెండును క్రాంకు షాఫ్టు భరింపవలెను. షెవర్లే కంపెనీ "కార్వేర్" కారు ఇంజను ఆరు సిలిండర్లది, గాలిచే చల్లబడునది, విమానమునకే పుట్టినదా యన్నట్లుండును. 1960 ప్రాంతమున పీటెన్‌పోల్ కూడ దానికి మారెను. అయినను వేగముగల విమానములలో దాని క్రాంకు షాఫ్టులు కొన్ని విరిగెను. ఉన్న నాలుగు బేరింగులకు తోడు ప్రొపెల్లరు వైపున ఐదవ బేరింగు చేర్చిన తరువాతనే చాలమందికి ధైర్యము కలిగెను.

కాంటినెంటల్, లైకమింగ్ కంపెనీల విమాన ఇంజనులు చూచుటకు పాతకాలపువి. కాంటినెంటల్ "ఏ-65" 170 పౌనుల బరువుతో, 2,300 చుట్ల వద్ద 65 అశ్వశక్తులు ఇచ్చును. ప్రతి సిలిండరునకు రెండు స్పార్కు ప్లగ్గులు, విడివిడిగా రెండు మాగ్నెటోలు ఉండును. మాగ్నెటో తన విద్యుత్తును తానే పుట్టించుకొనును గనుక బ్యాటరీ చచ్చినను ఇంజను ఆగదు. బెంగుళూరున హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు 1958లో ఎగురవేసిన "పుష్పక్" విమానమునకు అమర్చినది ఈ జాతికి చెందిన 90 అశ్వశక్తుల ఇంజనే. మన ఫ్లయింగు క్లబ్బులలో ఎందరో శిష్యులు దాని వెనుక కూర్చుండి చదువు నేర్చిరి.

బరువు సంగతి కావడి మోయువానికి తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదేమో! కావడికి ఒక వైపు బిందె బరువైనచో వాడు బద్దను భుజముపై జరుపుకొనును. విమానమునకు ఆ సదుపాయము లేదు. రెక్క ఒకచోట బిగిసియున్నది. రూపకర్త 170 పౌనులకు గీచిన పటములో 250 పౌనుల ఇంజను వేలాడదీసినచో ముక్కు బరువై దిగునపుడు లేవదు. తేలికదానిని అదేచోట బిగించినచో తోక బరువై, నడుపువాని చేతికి విమానము లొంగదు. ఇది మరింత ప్రమాదకరము. ఇంజను మార్చదలచినవాడు దానిని ముందునకో వెనుకకో జరిపి లెక్క సరిచేయవలెను. పటము గీచినవాడు చెప్పిన ఇంజనునే కొనుట అన్నిటికన్న సుఖము. ఈ మాట చప్పగా నున్నదని స్వంత ప్రజ్ఞ గలవారు వినరు.

ఎండ సంగతి మనవారు విస్మరింపరాదు. బేగంపేట విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉన్నది. వైశాఖ మాసపు మధ్యాహ్నమున ఉష్ణము 40 డిగ్రీలు చేరినపుడు అచ్చటి గాలి, చల్లని దేశమున 5,000 అడుగుల ఎత్తున ఉండునంత పలుచనగును. ఇంజను నూటికి పదిహేను పాళ్ళు బలము కోల్పోవును. రెక్కలు, ప్రొపెల్లరు కూడ అట్లే నీరసించును. 65 అశ్వశక్తులతో మినెసోటా చలిలో ఇద్దరిని మోసిన విమానము ఇచ్చట ఒక్కరిని మోయుటకే ఆలోచించును.

ఇంత విచారము ఏలయనగా, ఆ రెండవ సీటులో కూర్చుండునది సామాన్యముగా భార్యయో బిడ్డయో! విమానము 300 అడుగులు లేచినంతనే ఇంజను ఆగినదనుకొనుడు. అడుగు దిగుటకు ఎనిమిది అడుగులు సాగు యంత్రమైనచో ఎదుట 2,400 అడుగుల నేల మాత్రమే దక్కును. అర మైలైనను లేదు. వెనుకకు తిరుగుటకు ఎత్తు చాలదు. అమెరికా రవాణా భద్రతా బోర్డువారు 2012లో ప్రకటించిన పరిశీలనలో ఇంట కట్టిన విమానముల ప్రమాదములకు ఇంజను వైఫల్యము, అదుపు తప్పుట రెండును ముఖ్యములని తేల్చిరి. అవి మొదటి కొద్ది గంటలలోనే అధికమనియు చెప్పిరి. అందుచేతనే ప్రయాణికుని ఎక్కించుకొనుటకు ముందు, అనుమతి పొందిన ఇంజను, ప్రొపెల్లరు జత గల విమానమును 25 గంటలును, ఇతరములను 40 గంటలును నడిపి చూడవలెనని అచ్చట చాలకాలముగా సామాన్యపు ఏర్పాటున్నది. ఆ పదిహేను గంటల అంతరమే కారు ఇంజనుపై ప్రభుత్వమునకుగల అభిప్రాయము.

ఆగిన ఇంజనులలో అనేకము తమ దోషముచే ఆగవు. పెట్రోలు అందక ఆగును. సన్నని గొట్టము, మూతకు రంధ్రము మరచిన టాంకు, చెత్తపట్టిన జల్లెడ—ఇవి చాలును. అందుచేత ఎఱిగిన నిర్మాత ఇంజనును తిప్పకముందే ఒక పరీక్ష చేయును. తోకను గోతిలోనికి దించి, ఎగిరి పైకిపోవునపుడు ఉండునట్లు ముక్కు ఎత్తి నిలుపును. టాంకులో కొద్దిపాటి పెట్రోలే పోయును. కార్బురేటరు వద్ద గొట్టము విప్పి డబ్బా పట్టును. పంపు లేక పెట్రోలు తనంత తాను జారివచ్చు ఏర్పాటైనచో, పూర్తి బలమున ఇంజను త్రాగుదానికి ఒకటిన్నర రెట్లు రావలెను. గంటకు 35 లీటర్లు త్రాగు ఇంజనునకు నిమిషమునకు 875 మిల్లీలీటర్లు. నిర్మాత చేత గడియారము పట్టుకొని నిలుచుండును. ఇంటివారు డబ్బా నిండుటను చూచుచుందురు. తక్కువ వచ్చినచో ఆ దినము గొట్టములు విప్పుటతో గడచును.